అందరి గొంతుకూ అందే శ్రుతి

కచేరీలో శ్రుతి నిర్ణయం ఒక్క గొంతుకు సంబంధించిన విషయం. గాయకుడు తన గాత్రం మంద్రంలో ఎంతవరకు దిగుతుందో, తారస్థాయిలో ఎంతవరకు నిలుస్తుందో ఏళ్ల సాధనలో తెలుసుకొని, తంబురాను దానికి తగినట్లు శ్రుతి చేయించుకుంటాడు. శ్రోతలకు ఆ శ్రుతిలో గొంతు కలపవలసిన అవసరం ఉండదు. చర్చిలో జరిగే సంఘ గానం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ పాడేవారే వినేవారు, వారిలో పదేళ్ల పిల్లలు, గొంతు మారుతున్న కుర్రవాళ్లు, నడివయసు స్త్రీపురుషులు, డెబ్బై దాటిన వృద్ధులు పక్కపక్కనే ఉంటారు, వారిలో చాలామంది వారం మొత్తంలో పాడేది ఆ గంటన్నరలోనే. ఇంతమందికి ఒకే శ్రుతిని ఎంచవలసిన బాధ్యత పాట ఎత్తుకునే వ్యక్తి మీద పడుతుంది. ఆ వ్యక్తి సాధారణంగా తన గొంతుకు హాయిగా ఉన్న చోట మొదటి చరణాన్ని కాదు, పల్లవిని మొదలుపెడతాడు, అసలు చిక్కు అక్కడే పుడుతుంది.

తెలుగు సంఘాలలో తరతరాలుగా వాడుకలో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన తలకట్టున రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. శ్రుతి మాత్రం ఉండదు. ఇది ముద్రాపకుల పొరపాటు ఏమీ కాదు. భారతీయ సంగీతంలో షడ్జమం కదిలే స్వరం కనుక, స్వరాల మధ్య దూరాలను చెప్పే రాగం తెలిస్తే చాలు, ‘స’ ఎక్కడ పెట్టుకోవాలన్నది పాడేవారి ఇష్టం. అదే ఆదివారం అదే సంఘం పాడే పాశ్చాత్య బాణీలు మాత్రం స్టాఫ్ నొటేషన్‌లో, ఫలానా మెట్టు మీదనే అన్న నిర్దేశంతో అచ్చయి వచ్చాయి. మొదటి రకంలో స్వేచ్ఛ ఉంది, మార్గదర్శనం లేదు; రెండో రకంలో మార్గదర్శనం ఉంది, అయితే అది ఏ గొంతులను ఉద్దేశించి రాసినదో విచారించే అలవాటు తక్కువ.

శ్రుతి అంటే పాటకు ఆధారమైన షడ్జమం ఏ ఎత్తున ఉండాలన్న నిర్ణయం. ధ్వని ఎత్తును సెకనుకు ఎన్ని కంపనాలు అన్న లెక్కతో కొలుస్తారు, దాని ప్రమాణం హెర్ట్జ్. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ‘ఎ’ అనే స్వరాన్ని 440 హెర్ట్జ్ వద్ద స్థిరపరచాలని సిఫారసు చేసింది; నేటి ఎలక్ట్రానిక్ కీబోర్డులు మామూలుగా ఆ కొలత ప్రకారమే పలుకుతాయి. ఒక స్థాయిలో పన్నెండు మెట్లు ఉంటాయి, ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ కంపనాల సంఖ్య సుమారు 6 శాతం పెరుగుతూ పన్నెండో మెట్టుకు సరిగ్గా రెట్టింపవుతుంది. హార్మోనియం వాయించేవారి లెక్కలో ‘సి’ ఒకటి, దాని పక్కనున్న నలుపు మెట్టు ఒకటిన్నర, ‘డి’ రెండు, అలా ‘బి’ ఏడు అవుతుంది. ‘ఇ’, ‘ఎఫ్’ల మధ్య నలుపు మెట్టు లేదు కనుక మూడున్నర శ్రుతి అనేది లేదు. ఈ అధ్యాయంలో మెట్టు అంటే తెలుపైనా నలుపైనా ఒకదాని పక్కనున్న మరొకటి అనే అర్థం.

గొంతులో ఈ కంపనాలను పుట్టించేవి స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు. పేరు తంత్రులైనా నిజానికి అవి మెత్తని కండర పొరలు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి ఒత్తిడికి తెరుచుకొంటూ, తమ సాగే గుణం వల్లా గాలి ప్రవాహం వల్లా మళ్లీ మూసుకొంటూ ఉంటాయి. పురుషులలో వీటి పొడవు సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, స్త్రీలలో సుమారు 12.5 నుంచి 17.5 మిల్లీమీటర్లు. స్త్రీ 262 హెర్ట్జ్ ఉన్న మధ్య ‘సి’ని ఒక్క నిమిషం పాటు ఆపకుండా పాడితే ఆ పొరలు సుమారు 15,700 సార్లు ఒకదానికొకటి తగులుతాయి, అంతకు పద్నాలుగు మెట్లు పైనున్న ‘డి’ని, అంటే 587 హెర్ట్జ్‌ని పాడితే ఆ లెక్క 35,000 దాటుతుంది. ఎత్తు పెంచడానికి స్వరపేటిక ముందు భాగంలోని ఒక కండరం తంత్రులను సాగదీస్తుంది, తంత్రుల లోపలే ఉన్న మరో కండరం వాటిని దళసరిగా, బిగువుగా ఉంచుతుంది. ఈ రెండింటి పాళ్లు మారే చోట గొంతు రంగు మారుతుంది: కిందనున్నది ఛాతీ గొంతు, పైనున్నది తల గొంతు. సాధన ఉన్నవారు ఆ మలుపును వినబడకుండా దాటుతారు. సాధన లేనివారి గొంతు అక్కడ చీలుతుంది, లేదా వారు అరుస్తారు, లేదా పెదవులు కదుపుతూ ఊరుకుంటారు. సంఘంలో ఎక్కువమంది చేసేది ఈ మూడో పని, బయటికి వినపడని ఈ మౌనమే శ్రుతి తప్పు ఎంపికకు మొదటి గుర్తు.

ఈ మలుపు విషయంలో స్త్రీపురుషుల మధ్య ఒక విచిత్రమైన పోలిక ఉంది. గొంతులు వేరైనా మలుపు వచ్చే చోటు ఇద్దరికీ దాదాపు ఒకటే, సుమారు 300 నుంచి 400 హెర్ట్జ్ మధ్య. పురుషుడికి అది తన పరిధిలో పైకప్పు దగ్గర పడుతుంది. స్త్రీకి అదే చోటు పాట నట్టనడుమ పడుతుంది. పాశ్చాత్య శిక్షణ పొందిన స్త్రీ అక్కడి నుంచి తల గొంతులోకి వెళ్లిపోతుంది. తెలుగు పల్లెల్లో నాట్ల పాటలు, పెళ్లి పాటలు పాడే పద్ధతిలో స్త్రీలు ఛాతీ గొంతునే వీలైనంత పైకి తీసుకువెళ్తారు, చర్చిలోనూ అదే పద్ధతి. అందువల్ల పాశ్చాత్య పుస్తకాలు స్త్రీలకు సులభమని భావించే పై స్వరాలు తెలుగు సంఘంలో అంత సులభం కాకపోవచ్చు.

మగవారు, ఆడవారు కలిసి పాడినప్పుడు ఒకే స్వరాన్ని ఒక స్థాయి తేడాతో, అంటే పన్నెండు మెట్ల తేడాతో పాడతారు. ప్రకృతి మాత్రం వారి గొంతుల మధ్య పన్నెండు మెట్ల దూరం పెట్టలేదు. మాట్లాడేటప్పుడు పురుషుడి గొంతు సగటున సుమారు 120 హెర్ట్జ్ దగ్గర, స్త్రీ గొంతు సుమారు 210 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఆ నిష్పత్తిని మెట్లలోకి మారిస్తే తేడా తొమ్మిదిన్నర కంటే కాస్త ఎక్కువ. కర్ణాటక కచేరీ వేదిక మీద ఈ దూరం ఇంకా తక్కువ: గాయకులు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతులలో, గాయనులు నాలుగున్నర నుంచి ఐదున్నర వరకు ఉన్న శ్రుతులలో పాడతారు, ఆ రెండు షడ్జమాల మధ్య దూరం ఏడు మెట్ల ప్రాంతం. కచేరీలో ఇద్దరూ వేర్వేరుగా పాడతారు కనుక సమస్య లేదు. సంఘంలో పురుషుడు ఒకటో శ్రుతిలో 131 హెర్ట్జ్ వద్ద ‘స’ పెడితే, స్త్రీ తన సహజమైన ఐదో శ్రుతిలోని 196 హెర్ట్జ్‌ని వదిలి 262 వద్ద, అంటే ఐదు మెట్లు పైన ‘స’ పెట్టుకోవాలి. గాయని తన శ్రుతిలోనే పాట ఎత్తుకుంటే కష్టం మగవారి వైపు తిరుగుతుంది: ఆమెతో సమానంగా పాడితే పై స్వరాలు అందవు, ఒక స్థాయి కిందికి దిగితే ‘స’ 98 హెర్ట్జ్ వద్ద పడి గొంతులో గాలి తప్ప నాదం మిగలదు. ఏ శ్రుతి పెట్టినా ఒక పక్షానికి కొంత ఇబ్బంది తప్పదు. ఆ ఇబ్బందిని రెండు పక్షాలకూ సమంగా పంచే చోటును వెతకడమే శ్రుతి ఎంపిక.

సంఘ గానాన్ని నడిపించేవారిలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక స్థూల నియమం ప్రకారం, స్త్రీల విషయంలో పాటలోని అతి కింది స్వరం 220 హెర్ట్జ్ ఉన్న ‘ఎ’ కంటే దిగకూడదు, అతి పై స్వరం 587 హెర్ట్జ్ ఉన్న ‘డి’ కంటే ఎక్కకూడదు. పురుషులకు ఇవే స్వరాలు ఒక స్థాయి కింద, 110 నుంచి 294 వరకు. ఈ పరిధి మొత్తం పదిహేడు మెట్లు. దీనిని అక్షరాలా పాటించవలసిన శాసనంగా తీసుకోనక్కరలేదు, లెక్క మొదలుపెట్టడానికి ఇది చాలు. ఛాతీ గొంతు వాడకం ఎక్కువగా ఉన్న తెలుగు సంఘాలకు ఈ రెండు హద్దులనూ ఒకటి రెండు మెట్లు కిందికి జరుపుకోవడం మేలనిపిస్తుంది. స్త్రీలకు పై హద్దు 523 హెర్ట్జ్ ఉన్న ‘సి’ వద్ద ఆగితే వెనక వరుసల దాకా పాట వినిపిస్తుంది.

పాత పాశ్చాత్య కీర్తనల పుస్తకాలు ఈ హద్దును తరచుగా ఎందుకు దాటాయన్న ప్రశ్నకు సమాధానం వాటి అచ్చు పద్ధతిలోనే ఉంది. వాటిలో చాలా బాణీలు నాలుగు గాత్రాలకు రాసినవి: బాణీ సొప్రానోది, దాని కింద ఆల్టో, టెనార్, బేస్ తమ తమ వరుసలు పాడతారు. పై గొంతుకు శిక్షణ ఉంది, మిగిలినవారికి వేరే వరుసలు ఉన్నాయి, కనుక బాణీని పైన పెట్టడంలో నష్టం లేదు. నాలుగు వరుసలు పోయి అందరూ బాణీనే పాడే సంఘంలో అదే శ్రుతి ఆల్టో, బేస్ గొంతులున్నవారికి భారమైంది. ఆ తరువాతి కాలపు పుస్తకాలలో అవే పాటలు ఒకటి రెండు మెట్లు దిగి కనిపించడానికి ఇది ఒక కారణం. సామూహికంగా పాడటానికే పుట్టిన బాణీలు ఇంతకంటే జాగ్రత్తగా ఉన్నాయి. 1551లో జెనీవా కీర్తనల సంపుటిలో వెలువడిన, తరువాత ఆంగ్లేయులు ఓల్డ్ హండ్రెడ్‌త్ అని పిలిచిన బాణీ ఒక్క స్థాయిని మించి విస్తరించదు.

పరిధి ఒక్కటే అయినంత మాత్రాన శ్రుతి ఒక్కటే కాదని ఈ బాణీని మరొక దానితో పోల్చి చూస్తే తెలుస్తుంది. క్రిస్మస్‌కు లోకమంతటా పాడే జాయ్ టు ది వరల్డ్ బాణీ కూడా సరిగ్గా ఒక స్థాయిలోనే ఉంటుంది, కానీ అది మధ్య ‘స’ నుంచి తార ‘స’ వరకు నడుస్తుంది. ఓల్డ్ హండ్రెడ్‌త్ మంద్ర ‘ప’ నుంచి మధ్య ‘ప’ వరకు నడుస్తుంది. పదిహేడు మెట్ల పరిధిలో మొదటి దానికి ‘స’ను ఆరు నుంచి రెండు శ్రుతి వరకు, అంటే ‘ఎ’ నుంచి పైనున్న ‘డి’ వరకు ఎక్కడైనా పెట్టవచ్చు. రెండో దానికి ‘డి’ నుంచి ‘జి’ వరకు, రెండు నుంచి ఐదు శ్రుతి వరకు పెట్టాలి. పుస్తకాలు సాధారణంగా మొదటిదాన్ని ‘డి’లోనూ రెండోదాన్ని ‘జి’లోనూ అచ్చువేస్తాయి, రెండింటిలోనూ పాట ఎక్కే శిఖరం 587 హెర్ట్జ్ ఉన్న ఆ ‘డి’యే. అన్ని పాటలనూ ఒకే శ్రుతిలో వాయించే అలవాటు ఎంత సౌకర్యంగా ఉన్నా, అందులో సగం పాటలు ఎవరో ఒకరి గొంతుకు అందకుండా పోతాయన్న మాట.

తెలుగులో శుద్ధరాత్రిగా పాడుకునే పాట ఈ లెక్కకు కఠినమైన పరీక్ష. ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో 1818 క్రిస్మస్ ముందురోజు రాత్రి తొలిసారి పాడిన ఈ పాటకు బాణీ కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబర్. నేడు వాడుకలో ఉన్న రూపంలో ఇది మధ్య ‘స’ నుంచి తార ‘మ’ వరకు, అంటే సరిగ్గా పదిహేడు మెట్లు విస్తరిస్తుంది, కనుక పైన చెప్పిన పరిధిలో దీనికి ఒకే ఒక శ్రుతి సరిపోతుంది: ఆరు, అంటే ‘ఎ’. పుస్తకాలలో మామూలుగా ఇది ఆరున్నరలో ఉంటుంది, శిఖరం 622 హెర్ట్జ్‌కు చేరుతుంది. ప్రమాదం ఈ పాట మొదలులో దాగి ఉంది. పాట ‘ప’ మీద, గొంతుకు ఎంతో హాయిగా ఉండే నడిమి ప్రాంతంలో మొదలై, మొదటి రెండు వరుసలలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించదు. ఆరో శ్రుతిలో ఆ మొదటి స్వరం 330 హెర్ట్జ్, ఒకటో శ్రుతిలో 392. ఈ మూడు మెట్ల తేడాను మొదలుపెట్టే వ్యక్తి చెవి పట్టించుకోదు, ఎందుకంటే రెండూ హాయిగానే ఉంటాయి. చివరి వరుసలకు వచ్చేసరికి ఒకటో శ్రుతిలో శిఖరం 698 హెర్ట్జ్ అవుతుంది, అక్కడ కొవ్వొత్తులు పట్టుకున్న సంఘం యావత్తూ ఒక్కసారిగా నిశ్శబ్దమై, పాట గాయక బృందం చేతిలో మిగులుతుంది. పోనీ భయపడి మరీ కిందికి దించితే, పాట తార ‘స’ నుంచి దిగుతూ మధ్య ‘స’ మీద ముగిసే ఆఖరి పదం స్త్రీల గొంతులో వినిపించదు. ఇటువంటి పాటకు శ్రుతిపెట్టె సాయం లేకుండా అందాజుగా ఎత్తుకోవడం సాహసమే.

కర్ణాటక పద్ధతిలో కట్టిన కీర్తనలలో ఇదే ఇబ్బంది మరో రూపంలో ఎదురవుతుంది. సాధారణంగా పల్లవి మధ్య ‘స’ చుట్టూ, ‘ప’కు లోపల తిరుగుతుంది, అనుపల్లవి, లేక చరణంలోని రెండో సగం, ‘ప’ నుంచి తార ‘స’కు, కొన్నిచోట్ల తార ‘గ’ వరకూ ఎక్కుతుంది. పల్లవిని హాయిగా పాడగలిగిన చోటే శ్రుతి అనుకుంటే చరణంలో దెబ్బ తగులుతుంది. దీనికి అనుభవజ్ఞులు పాటించే ఉపాయం సులభమైనది: పాట మొదలుపెట్టబోయే ముందు చరణంలోని ఎత్తైన చోటును పెదవి కదపకుండా ఒకసారి లోలోపల పాడుకొని, అది శిక్షణ లేని గొంతుకు అందుతుందనుకున్నాక, అక్కడి నుంచి పల్లవి మొదటి స్వరానికి దిగి రావాలి. అలా చేసినప్పుడు పల్లవి పాడేవారికే కాస్త మందకొడిగా, దిగువగా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. మొదటి వరుసలోనే గంభీరంగా మోగే శ్రుతి చాలా పాటలకు అధికమైన శ్రుతి.

పరిధి లెక్క చాలనిది మరొకటుంది. ఒక పాట తార ‘గ’ను ఒక్క గమకంలో తాకి వెంటనే దిగిపోతే ఎవరికీ నష్టం లేదు, వెనక వరుసలోని వృద్ధురాలు ఆ ఒక్క స్వరాన్ని వదిలేసి తరువాతి పదంలో కలుస్తుంది. మరొక పాట తార ‘స’ను దాటకపోయినా, ‘ద’, ‘ని’, తార ‘స’ల మధ్యనే ఎనిమిది వరుసల పాటు తచ్చాడితే గొంతు అలసిపోతుంది. పాట ఎక్కువసేపు ఎక్కడ ఉంటుందో ఆ ప్రాంతాన్ని ఇటాలియన్ సంగీత పరిభాషలో టెసిటూరా అంటారు; దానిని లెక్కించడానికి ప్రతి స్వరం ఎన్ని మాత్రల కాలం నిలుస్తుందో కూడితే సరిపోతుంది. సంఘానికి ఆ ప్రాంతం స్త్రీల గొంతులో సుమారు 290 నుంచి 440 హెర్ట్జ్ మధ్య ఉంటే పాట ఎంత పొడుగైనా భారం అనిపించదు. ఇటీవలి ఆరాధనా గీతాలలో ఒకే వాక్యాన్ని పదిసార్లు తారస్థాయిలో తిప్పి పాడే పద్ధతి ఎక్కువైంది. వీటి విషయంలో శిఖరం కంటే టెసిటూరానే చూసి శ్రుతి దించడం అవసరం.

పై స్వరం మీద ఏ అచ్చు పడుతుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. గొంతు నుంచి వచ్చిన నాదాన్ని నోరు, కంఠబిలం తమ ఆకారాన్ని బట్టి కొన్ని కంపనాల వద్ద బలపరుస్తాయి. ‘ఆ’ పలికేటప్పుడు వాటిలో మొదటిది సుమారు 700 నుంచి 900 హెర్ట్జ్ దగ్గర, ‘ఈ’, ‘ఊ’ పలికేటప్పుడు 300, 400 ప్రాంతంలో ఉంటుంది. స్త్రీ 520 హెర్ట్జ్ వద్ద ‘ఈ’ని నిలపబోతే స్వరమే ఆ అచ్చు స్థానాన్ని దాటి పోతుంది కనుక, నోరు మరింత తెరిస్తే తప్ప నాదం రాదు, నోరు తెరిస్తే అచ్చు ‘ఈ’గా వినపడదు. అందుకే శిక్షణ పొందిన సొప్రానోలు పై స్వరాలలో అచ్చులన్నింటినీ ‘ఆ’ వైపు జరుపుతారని స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ పరిశోధనలు వివరించాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చులతో, అందులోనూ ‘ఉ’, ‘ఇ’లతో ముగుస్తాయి, వరుస చివర సాగదీసే స్వరం ఆ అచ్చు మీదే పడుతుంది. అటువంటి చోట ‘ఆ’కారంతో ముగిసే వరుసకు పనికివచ్చిన శ్రుతి ‘ఉ’కారంతో ముగిసే వరుసకు ఒక మెట్టు ఎక్కువవుతుంది.

నేడు సంఘ గానపు శ్రుతిని నిర్ణయించేది చాలాచోట్ల రికార్డింగే. ఆల్బమ్‌లో పాడినవారు నేపథ్య గాయకులు, వారి గొంతుకు మెరుపు వచ్చే చోటు వారి పరిధిలో పై అంచు. స్టూడియోలో ఆ మెరుపు కోసమే శ్రుతి పెంచుతారు. ఒకటిన్నర శ్రుతిలో గాయకుడు తార ‘ప’ వరకు వెళ్లే పాటను తీసుకుంటే, అతని గొంతులో ఆ ‘ప’ 415 హెర్ట్జ్, స్థాయి తేడాతో పాడే స్త్రీలకు అదే 831. అంత ఎత్తు సంఘంలో ఎవరికీ రాదు కనుక స్త్రీలు గాయకుడితో సమానమైన స్థాయికి దిగిపోతారు, అప్పుడు పల్లవి వారికి 139 హెర్ట్జ్ వద్ద మొదలవ్వాలి, అది దాదాపు అసాధ్యం. చివరికి పల్లవి ఒక స్థాయిలో, చరణం ఒక స్థాయిలో ముక్కలుగా పాడతారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట ఉన్నప్పుడు ఈ తిప్పలకు కారణం లేదు: వేళ్లు అలవాటైన మెట్ల మీదే నడుస్తుండగా పాట నాలుగు మెట్లు దిగుతుంది. అసలు వెనకాడేది ‘రికార్డులో ఉన్నట్టు’ వినపడదన్న సంకోచం వల్లనే.

శబ్దపు మోత ఈ ఇబ్బందిని కప్పిపుచ్చుతుంది. చుట్టూ చప్పుడు పెరిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో ప్రకటించాడు. పెద్ద స్పీకర్ల ముందు కూర్చున్న సంఘం కూడా అలాగే గొంతు చించుకొంటుంది, పై స్వరాల వద్ద ఆ బలం మరింత చేటు చేస్తుంది. మైకులు లేని చిన్న చర్చిలో శ్రుతి తప్పితే ఆ క్షణమే తెలిసిపోతుంది, రిథమ్ ప్యాడ్ల మోతలో సంఘం పాడుతున్నదో లేదో నడిపించేవారికి తెలియదు.

తబలా ఉన్న చోట శ్రుతి మార్చడం మీట నొక్కినంత తేలిక కాదు. కుడి తబలాను అంచున అల్లిన తోలు మీద సుత్తితో కొట్టి ఒకటి రెండు మెట్లకు మించి జరపడం కష్టం, పాట పాటకూ ఆ పని చేయడం ఇంకా కష్టం. వాద్యకారులు రోజంతా ఒకే శ్రుతికి కట్టుబడటానికి ఇది న్యాయమైన కారణం. దీనికి సంప్రదాయంలోనే దారి ఉంది. తబలాను ‘స’కే కాక ‘ప’కు, ‘మ’కు కూడా కలుపుతారు, కనుక ఒకటిన్నరకు కట్టిన తబలా ఒకటిన్నర శ్రుతికి ‘స’గానూ, నాలుగున్నర శ్రుతికి ‘ప’గానూ, ఐదున్నర శ్రుతికి ‘మ’గానూ పలుకుతుంది. పైన చూసిన మూడు బాణీలను ఈ మూడు శ్రుతులలో పెట్టి చూస్తే, జాయ్ టు ది వరల్డ్ ఒకటిన్నరలో, ఓల్డ్ హండ్రెడ్‌త్ నాలుగున్నరలో, శుద్ధరాత్రి ఐదున్నరలో పడతాయి, మూడింటి శిఖరమూ 554 హెర్ట్జ్ ఉన్న ఒకే స్వరం. తెలుగు గొంతులకు చెప్పుకున్న హద్దుకు అది ఒక్క మెట్టు మాత్రమే ఎక్కువ. ‘ప’ బలంగా నిలిచే శుద్ధరాత్రిలో ‘మ’ పలికే తబలా కొంత ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, నిజానికి ఆ పాటకు తబలా ఊరుకుంటేనే బాగుంటుంది. కీర్తనలకూ ఇదే లెక్క వర్తిస్తుంది: తార ‘స’ వరకు వెళ్లేవాటిని ఒకటిన్నరలో, మంద్రంలో ఎక్కువగా తిరుగుతూ ‘ప’ దగ్గర ఆగేవాటిని నాలుగున్నరలో ఎత్తుకుంటే తబలా కదలనక్కరలేదు.

ఈ లెక్కలన్నీ మధ్యాహ్నపు గొంతుకు సంబంధించినవి. నిద్ర లేచిన తరువాత కొంతసేపు స్వరతంత్రులు కాస్త ఉబ్బి, బరువుగా ఉంటాయి, గొంతు కింది స్వరాలకు మొగ్గుతుంది, పై స్వరాలు బిగుసుకుంటాయి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనకు సాయంత్రపు శ్రుతి పనికిరాదు. వృద్ధాప్యంలో స్త్రీల గొంతు కొంత దిగుతుంది, పురుషుల గొంతు కొంత సన్నబడుతుంది, ఇద్దరికీ పరిధి కుదించుకుపోతుంది. చాలా పల్లె సంఘాలలో కీర్తనలు కంఠతా వచ్చినవారు వారే కనుక, వారికి అందని శ్రుతి పెడితే పాటను మోసేవారే పక్కకు తప్పుకుంటారు. పన్నెండు పదిహేనేళ్ల మధ్య గొంతు మారుతున్న మగపిల్లల సంగతి వేరు: వారి గొంతు దాదాపు ఒక స్థాయి దిగే మధ్యకాలంలో ఆడవారి వరుసా అందదు, మగవారి వరుసా అందదు, వారికి ఏ శ్రుతీ పూర్తిగా కుదరదు. ఇరుకైన పరిధి ఉన్న బాణీలు కొన్ని ప్రతి ఆరాధనలోనూ ఉంచడం తప్ప వారికి చేయగల సాయం లేదు. తెల్లవారుజాము మంచుకు తబలా తోలు వదులై తనంతట తానే కొంత దిగుతుంది, దాన్ని సుత్తితో మళ్లీ పైకి లాగకుండా, కీబోర్డునే ట్రాన్స్‌పోజ్ మీటతో ఒక మెట్టు దించి దానితో కలిపితే, ఆ వేళకు గొంతులకూ అదే శ్రుతి సరిపోతుంది.